చీటీ మీది మొలారిటీ, సీసాలోని మొలారిటీ

బెంగళూరు కాడుగోడిలో అద్దె ఇల్లు చూసుకునే కుటుంబం విజయవాడ నుంచి వచ్చినా, పక్కనున్న కోలారు నుంచి వచ్చినా, అద్దె ఎంతో తెలుసుకున్నాక అడిగేది నీళ్ల సంగతే. కావేరీ నీళ్లా, బోరు నీళ్లా, ట్యాంకరా? 2024 వేసవిలో బెంగళూరు తూర్పు శివార్లలో బోర్లు ఎండిపోయి అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీద బతికినప్పుడు ఈ ప్రశ్నకు పదును పెరిగింది. ఆ ఏడాది అక్టోబరులో కావేరీ ఐదో దశ మొదలై రోజుకు 775 మిలియన్ లీటర్ల అదనపు నీటికి దారి పడింది గానీ, బోరు నీటిని పరీక్షకు పంపే అవసరం మాత్రం తీరిపోలేదు. పరీక్ష రిపోర్టులో చాలామంది కళ్లు ముందు వెతికేది కాఠిన్యం గడిని. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని, కాల్షియం కార్బొనేట్ లెక్కలో అక్కడ రాస్తారు. ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం 200 వరకు ఆమోదయోగ్యం. వేరే వనరు లేనప్పుడు 600 వరకు అనుమతి. ఆ అంకె పుట్టేది బ్యూరెట్‌లో. బ్యూరెట్‌లో ఈడీటీఏ ద్రావణం ఉంటుంది, ఆ ద్రావణం తీసిన సీసా మీద ‘0.01 మొలార్’ అని ఒక చీటీ ఉంటుంది. చీటీ ఎంత తప్పితే రిపోర్టూ అంత తప్పుతుంది. కాబట్టి మొలారిటీ లెక్క ప్రయోగశాలలోనే ఉండిపోయే విషయం కాదు. ఆ చీటీని నమ్మడానికి ఆధారం ఏమిటన్నదే ఇక్కడి ప్రశ్న.

సూత్రం అందరికీ తెలిసిందే. ఒక లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల ద్రావితం ఉందో అదే మొలారిటీ. కావలసిన మొలారిటీని, లీటర్లలో ఘనపరిమాణాన్ని, అణుభారాన్ని గుణిస్తే తూచవలసిన గ్రాములు వస్తాయి. సోడియం హైడ్రాక్సైడ్ అణుభారం 40, 0.1 మొలార్ ద్రావణం 250 మి.లీ. కావాలంటే ఒక గ్రాము. ఇది ఎనిమిదో తరగతి గుణకారం. ఈఏపీసెట్‌కు కూర్చునే పిల్లలు ఇలాంటివి కళ్లు మూసుకుని చేస్తారు. కానీ ప్రశ్నపత్రం పదార్థాన్ని శుద్ధంగా, పొడిగా, పేరుతో సహా చేతికిచ్చేస్తుంది. అలమరలోని సీసా అలా ఇవ్వదు. తూకం, గుణకారం కలిసి చెప్పేది మనం చేయాలనుకున్న గాఢతను మాత్రమే. చేసిన గాఢత ఎంతో తెలియాలంటే ఆ ద్రావణాన్ని మరో నమ్మకమైన పదార్థంతో ఎదురుగా నిలబెట్టి చూడాలి. నా వాదన సారం ఇదే. దీనికి ఒక షరతు కూడా ఉంది: ప్రతి సీసాకూ ఆ పరీక్ష అక్కర్లేదు. ఏ సీసాకు కావాలో గుర్తించడమే అసలు నైపుణ్యం. ఈ రెండో ముక్క మన ప్రాక్టికల్ పుస్తకాల్లో దాదాపు కనబడదు.

పెద్ద పొరపాట్లకు మొదటి చోటు స్ఫటిక జలం. ఇంటర్ రెండో సంవత్సరం ప్రాక్టికల్స్‌లో ఆక్జాలిక్ ఆమ్లంతో పొటాషియం పర్మాంగనేట్‌ను టైట్రేషన్ చేయిస్తారు. సీసాలో దొరికేది రెండు నీటి అణువులున్న ఆక్జాలిక్ ఆమ్లం, అణుభారం 126.07. నీరు లేనిదాని అణుభారం 90.03. ఫార్ములాలో చివర చుక్క పెట్టి రాసిన నీటిని పట్టించుకోకుండా 90 వేసి 250 మి.లీ.కి 2.25 గ్రాములు తూచారనుకోండి. చీటీ 0.1 మొలార్ అంటుంది, ద్రావణం మాత్రం 0.071 దగ్గరే ఆగిపోతుంది. ఈడీటీఏతోనూ ఇదే గొడవ. నీటి పరీక్షకు వాడేది రెండు నీటి అణువులున్న డైసోడియం లవణం, అణుభారం 372.24, లీటరుకు 3.722 గ్రాములు వేస్తే 0.01 మొలార్. కానీ ఈడీటీఏ అనే పేరు పట్టుకుని పట్టికలో వెతికితే ముందు కనబడేది ఆమ్ల రూపం, అణుభారం 292.24. ఆ లెక్కన 2.922 గ్రాములు మాత్రమే వేస్తే ద్రావణం 0.00785 మొలార్ అవుతుంది. ద్రావణం పలచనైతే బ్యూరెట్ నుంచి ఎక్కువ దిగుతుంది. నిజంగా లీటరుకు 500 మి.గ్రా. కాఠిన్యం ఉన్న నీటిని 50 మి.లీ. తీసుకుంటే 25 మి.లీ. దిగవలసిన చోట సుమారు 31.8 మి.లీ. దిగుతుంది. రిపోర్టులో 636 అని పడుతుంది. అనుమతి హద్దుకు లోపలున్న బోరు, తూకంలో పోయిన 0.8 గ్రాము వల్ల హద్దు బయట నిలబడుతుంది. ఇక్కడ గుణకారం ఎక్కడా తప్పలేదని గమనించాలి. లెక్క సరిగ్గానే ఉంది, వేరే పదార్థానికి.

రెండో చోటు ద్రవ రూపంలో వచ్చే ఆమ్లాలు. 37 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సాంద్రత 1.19 అయితే దాని గాఢత సుమారు 12.1 మొలార్, లీటరు 0.1 మొలార్ ద్రావణానికి 8.3 మి.లీ. చాలు. ఈ 8.3 అనే అంకె ప్రయోగశాల గోడల మీద, సహాయకుల నాలుకల మీద స్థిరపడిపోయింది. మన దగ్గర అమ్మే సీసాల మీద మాత్రం తరచుగా 35 నుంచి 38 శాతం అని రాసి ఉంటుంది. నిజంగా అది 35 శాతమే అయితే అదే 8.3 మి.లీ.తో వచ్చేది సుమారు 0.094 మొలార్. ఆరు శాతం తరుగు, ఎవరి తప్పూ లేకుండా. పైగా మూత తీసిన ప్రతిసారీ పొగ రూపంలో కొంత ఆమ్లం పోతుంది. సోడియం హైడ్రాక్సైడ్ బిళ్లలు దీనికి తిరగబడ్డ రకం: తూచే లోపే గాలిలో తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి. తూకం పళ్లెంలో పెరిగిన బరువు క్షారానిది కాదు. పర్మాంగనేట్ సంగతి మరీ వింత. నీటిలోని సేంద్రియ మలినాలు దాన్ని కొద్దికొద్దిగా క్షయకరిస్తాయి, ఏర్పడిన మాంగనీస్ డయాక్సైడ్ ఆ విచ్ఛిన్నాన్ని ఇంకా వేగం చేస్తుంది. అందుకే ఎంత జాగ్రత్తగా తూచినా దాన్ని ప్రాథమిక ప్రమాణం అనరు. 2019 మే 20 నుంచి మోల్ అంటే సరిగ్గా 6.02214076 ఇంటూ పది ఘాతం 23 కణాలని అంతర్జాతీయంగా ఖాయం చేశారు. అంకెలో సందేహం సున్నా. బల్ల మీది క్షారం సీసాలో రెండో అంకె దగ్గరే సందేహం మొదలవుతుంది.

మూడోది ఘనపరిమాణం. లీటరు నీళ్లు కొలిచి అందులో పదార్థం వేయడం వేరు, పదార్థాన్ని కొంచెం నీటిలో కరిగించి ఫ్లాస్కులో లీటరు గీత వరకు నింపడం వేరు. ఒక మోల్ ఉప్పును లీటరు నీటిలో వేస్తే తేడా రెండు శాతం లోపే. అదే ఒక మోల్ చక్కెర, అంటే 342 గ్రాములు, వేస్తే ద్రావణం లీటరు రెండు వందల మి.లీ. దాటిపోతుంది, గాఢత 0.82 మొలార్ దగ్గరకు పడిపోతుంది. ఉష్ణోగ్రతను మన పుస్తకాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. వాల్యూమెట్రిక్ ఫ్లాస్కు ఏ ఉష్ణోగ్రత దగ్గర సరిగ్గా ఉంటుందో దాని మీదే ముద్రిస్తారు. ప్రపంచంలో ఎక్కువ చోట్ల అది 20 డిగ్రీలు. ఉష్ణ దేశాల కోసం అంతర్జాతీయ ప్రమాణమే 27 డిగ్రీలను ఒప్పుకుంది. అందుకే మన ప్రయోగశాలల్లో రెండు రకాల ఫ్లాస్కులూ పక్కపక్కనే కనబడతాయి, ఎవరూ పట్టించుకోరు. నీటి సాంద్రత 20 డిగ్రీల దగ్గర 0.9982, 35 దగ్గర 0.9940. బెంగళూరులో డిసెంబరు ఉదయం కలిపిన ద్రావణాన్ని ఏప్రిల్ మధ్యాహ్నం వాడితే దాని మొలారిటీ 0.4 శాతం తగ్గి ఉంటుంది. లీటరు క్లాస్ ఏ ఫ్లాస్కుకు అనుమతించే పొరపాటు 0.4 మి.లీ., అంటే 0.04 శాతం. ఖరీదైన ఫ్లాస్కు కొన్న డబ్బును వాతావరణం పది రెట్లు వెనక్కి లాగేసుకుంటుందన్నమాట.

ఈ అంకెలను ఒక వరసలో పెట్టి చూస్తే మన శిక్షణ ఎటువైపు వాలిందో తెలుస్తుంది. స్ఫటిక జలం మరిచిపోతే 20 నుంచి 30 శాతం. ఆమ్లం సీసాను గుడ్డిగా నమ్మితే ఐదారు శాతం. ఉష్ణోగ్రతకు అర శాతం లోపు. ఫ్లాస్కుకు 0.04 శాతం. కానీ ప్రాక్టికల్స్‌లో గంటల కొద్దీ నేర్పేది, మార్కులు కోసేది ద్రవం వంపు అడుగుభాగం గీతను తాకిందా లేదా అన్నదాని మీదే. కన్ను గీతకు సమానంగా పెట్టడం మంచి అలవాటే, కాదనను. అయితే ఆ అలవాటు కాపాడేది అన్నిటికంటే చిన్న పొరపాటును. అన్నిటికంటే పెద్దదాన్ని కాపాడే అలవాటు సీసా చీటీని చివరి చుక్క దాకా చదవడం, దానికి ఏ పరీక్షలోనూ మార్కు లేదు. సూత్రాన్ని వాడే చోటు తప్పడం కూడా దీనికి తోబుట్టువే. పలుచన చేసేటప్పుడు పనికొచ్చే ‘ఎం ఒకటి వీ ఒకటి’ సమీకరణాన్ని టైట్రేషన్‌కూ అలాగే వాడేస్తారు. ఐదు ఆక్జాలిక్ అణువులకు రెండు పర్మాంగనేట్‌లు సరిపోతాయి కాబట్టి, నిజంగా 0.04 మొలార్ ఉన్న పర్మాంగనేట్ ఆ తప్పు లెక్కలో 0.1 అయి కూర్చుంటుంది. పాత తరం వాడిన నార్మాలిటీలో ఈ గొడవ ఉండదని దాన్ని తలుచుకునేవారు ఇంకా ఉన్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. కానీ ఒకే పర్మాంగనేట్ ఆమ్ల మాధ్యమంలో ఒక నార్మాలిటీ, తటస్థ మాధ్యమంలో ఇంకొకటి చూపిస్తుంది. సీసా మీద రాసిన అంకె చర్యను బట్టి మారిపోయే చోట చీటీకి అర్థం ఉండదు. ఆ లెక్క మొలారిటీలోనే ఉండాలి, నిష్పత్తిని విడిగా రాయాలి.

మరి విరుగుడు? దీనికి పందొమ్మిదో శతాబ్దంలోనే సమాధానం ఉంది. తూకాన్ని మోసం చేయని కొన్ని పదార్థాలున్నాయి. శుద్ధంగా దొరుకుతాయి, తేమను పెద్దగా పీల్చవు, ఆరబెడితే బరువు నిలకడగా ఉంటుంది: నిర్జల సోడియం కార్బొనేట్, పొటాషియం హైడ్రోజన్ థాలేట్, పొటాషియం డైక్రోమేట్, సోడియం ఆక్జలేట్. వీటితో చేసిన ద్రావణం చీటీని తూకం బట్టి నమ్మవచ్చు. మిగతా ద్రావణాలను వీటితో టైట్రేషన్ చేసి, వచ్చిన గాఢతను చీటీ మీద దిద్దాలి. ఈడీటీఏకు ఆ పని చేసేది కాల్షియం కార్బొనేట్. ఒక గ్రాము తూచి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, లీటరుకు నింపితే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము. దాన్ని 25 మి.లీ. తీసుకుని టైట్రేషన్ చేస్తే 0.01 మొలార్ ఈడీటీఏ 25 మి.లీ. దిగాలి. పైన చెప్పిన 2.922 గ్రాముల ద్రావణమైతే 31.8 దిగుతుంది, అక్కడే దొంగ దొరికిపోతాడు. సరిదిద్దే గుణకం రాసుకుంటే ఆ ద్రావణాన్ని పారబోయనక్కర్లేదు కూడా. 636కి బదులు 500 రిపోర్టు అవుతుంది. అంటే తూకం ఎంత తప్పినా, ఆఖరి ఫలితం సరిగ్గా రావచ్చు. తూకం ఎంత సరిగ్గా ఉన్నా ఈ మెట్టు ఎక్కకపోతే ఫలితం సరైందని చెప్పే వీలు లేదు.

ఇక షరతు సంగతి. అన్ని ద్రావణాలకూ ఇంత మర్యాద చేయాలంటే ఏ ప్రయోగశాలా నడవదు, నడవక్కర్లేదు. దీన్ని అర్థం చేసుకోవడానికి భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ పద్ధతిని మించిన పాఠం తెలుగువాడికి దొరకదు. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉన్న అమ్మోనియం మాలిబ్డేట్ ఫాస్ఫేట్‌తో కలుస్తుంది, ఒక క్షయకారిణితో ఆ సంక్లిష్టం నీలంగా మారుతుంది, నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేట్ అంత. ఇందులో మూడు రకాల గాఢతలున్నాయి. మాలిబ్డేట్‌ను అవసరానికి మించి వేస్తారు. అది ఐదు శాతం అటూ ఇటూ అయినా నమూనాకూ ప్రమాణానికీ ఒకేలా పడుతుంది, తేడా కొట్టుకుపోతుంది. ఆమ్లం గాఢతకు ఒక హద్దు ఉంది: మరీ తక్కువైతే ఫాస్ఫేట్ లేకుండానే మాలిబ్డేట్ నీలంగా మారుతుంది, మరీ ఎక్కువైతే ఉన్న ఫాస్ఫేట్‌కు కూడా రంగు సరిగ్గా రాదు. హద్దులోపల ఉంటే చాలు, నాలుగో దశాంశం అక్కర్లేదు. మూడోది ప్రమాణ ఫాస్ఫేట్ ద్రావణం. దీనిలోని పొరపాటు ఒక్క చుక్క తగ్గకుండా ఫలితంలోకి వచ్చేస్తుంది. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.4394 గ్రాములు లీటరుకు వేస్తే సరిగ్గా 100 మి.గ్రా. ఫాస్ఫరస్. పక్కనే ఉండే డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ సీసా పొరపాటున చేతిలోకి వస్తే అదే బరువుకు 78 మి.గ్రా.; ఆ రోజు నుంచి పరీక్షించిన ప్రతి నమూనా 28 శాతం ఎక్కువ చూపిస్తుంది. మూడు సీసాల మీదా ఒకేలాంటి చీటీలుంటాయి. ఏ చీటీ ప్రాణాంతకమో పద్ధతి అర్థమైతే గాని తెలియదు.

మాధ్యమం గాఢత ఒక్కోసారి హద్దు పాత్ర దాటి కథానాయక పాత్రే వేస్తుంది. గత శతాబ్దం మధ్యలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో జి. గోపాలరావు, ఆయన శిష్యులు ఆక్సీకరణ, క్షయకరణ టైట్రేషన్లలో కొత్త దారులు తీశారు. ఫెర్రస్ ఇనుము మామూలుగా అంత బలమైన క్షయకారిణి కాదు. చిక్కటి ఫాస్ఫారిక్ ఆమ్లంలో దాని స్వభావమే మారిపోయి, ఆరు సంయోజకత ఉన్న యురేనియాన్ని కూడా క్షయకరించగలదు. అక్కడ ఫాస్ఫారిక్ ఆమ్లం మొలారిటీ తగ్గితే పొరపాటు రెండు శాతమో మూడు శాతమో అనే మాటే ఉండదు, ఆ టైట్రేషనే జరగదు. ఏ గాఢతను ఎంత నిక్కచ్చిగా పట్టుకోవాలన్న ప్రశ్నకు జవాబు సూత్రంలో లేదనడానికి ఇది సాక్ష్యం.

అభ్యంతరాలు లేకపోలేదు. గట్టిదానితో మొదలుపెడతాను. ఇప్పుడు ప్రమాణ ద్రావణాలు సీల్ వేసిన గాజు గొట్టాల్లో, ధ్రువపత్రంతో దొరుకుతాయి. పగలగొట్టి లీటరుకు నింపితే సరి, ఈ తంటా అంతా ఎందుకు? నీటి పరీక్షల ప్రయోగశాలకు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు రావాలంటే ఐఎస్‌ఓ 17025 ప్రకారం తన కొలతలను గుర్తింపు పొందిన ప్రమాణాలకు ముడిపెట్టి చూపాలి కాబట్టి, అలాంటివి కొనడంలో తప్పేమీ లేదు. నిజానికి నా వాదనను ఇది బలపరుస్తుంది: కొన్నది కూడా బయటి సాక్ష్యమే. కాకపోతే గొట్టం మీద నమ్మకం దాన్ని పగలగొట్టే క్షణం వరకే. లీటరు ఫ్లాస్కుకు బదులు బీకరులో నింపినా, గొట్టాన్ని సరిగ్గా కడిగి పోయకపోయినా, ఆరు నెలలు ప్లాస్టిక్ సీసాలో పెట్టినా ధ్రువపత్రం ఏమీ చేయలేదు. రెండో అభ్యంతరం ఫోన్‌లోని లెక్కల యాప్‌లది. అవి గుణకారంలో తప్పవు, ఒప్పుకుంటాను. గుణకారంలో తప్పేవారు ఎప్పుడూ తక్కువే. అణుభారం గడిలో 292 కొట్టాలా 372 కొట్టాలా అన్నది యాప్‌కు చెప్పాల్సింది మనమే, అక్కడే సమస్య. మూడోది ఖర్చు, తీరిక. చిన్న ప్రయోగశాలకు రోజూ ప్రమాణీకరణ భారమంటారు. ఒక గ్రాము కాల్షియం కార్బొనేట్, అరగంట పని. ఒక బ్యాచ్ నీటి పరీక్షలు తిరిగి చేయడంతో పోలిస్తే ఇది భారమంటే నేను ఒప్పుకోను.

ఇంకో అభ్యంతరం కొంచెం లోతైంది. రిపోర్టులన్నీ మిల్లీగ్రాముల్లోనే రాస్తాం కదా, మధ్యలో మోల్ ఎందుకు, నేరుగా మిల్లీగ్రాముల్లోనే ద్రావణం చేసుకుంటే పోదా? పోదు, ఎందుకంటే మిల్లీగ్రాము దేనిదో చెప్పదు. తాగునీటిలో నైట్రేట్ హద్దు 45 మి.గ్రా. అంటే నైట్రేట్ అయాన్ లెక్క. నైట్రోజన్ లెక్కలో అదే సుమారు 10. రెండు రిపోర్టులు పక్కన పెట్టుకుని ఒకటి నాలుగున్నర రెట్లు ఎక్కువ ఉందని కంగారుపడేవారు ఉంటారు. మోల్‌లలో అయితే రెండూ లీటరుకు 0.7 మిల్లీమోల్‌లే. నల్లగొండ జిల్లా వల్ల దేశమంతటా తెలిసిన ఫ్లోరైడ్ సమస్యకు చేసే పరీక్షలో ఇదే గుంట ఇంకోలా ఉంటుంది. లీటరుకు 1000 మి.గ్రా. ఫ్లోరైడ్ ప్రమాణం చేయాలంటే 2.21 గ్రాముల సోడియం ఫ్లోరైడ్ కావాలి. వెయ్యి మిల్లీగ్రాములన్నారు కదా అని ఒక గ్రాము లవణమే వేస్తే ప్రమాణంలో ఉండేది 452. అనుమతి హద్దు 1.5కు లోపల, 1.0 ఉన్న నీరు 2.2 చూపిస్తుంది. మోల్‌లలో ఆలోచించే చేయి ఇక్కడ తడబడదు, ఎందుకంటే ఒక మోల్ సోడియం ఫ్లోరైడ్‌లో ఒక మోల్ ఫ్లోరైడ్ ఉంటుందన్నది గుర్తుపెట్టుకోనక్కర్లేనంత తేలిక.

అనంతపురం ఇంటర్ కళాశాలలో బ్యూరెట్ పట్టిన కుర్రాడు బెంగళూరులో ఏ డిగ్రీ కళాశాలకు వచ్చినా, ఆ తర్వాత ఏ పరీక్షా కేంద్రంలో ఉద్యోగానికి చేరినా, చేతికి వచ్చేవి ఇవే సీసాలు. మార్పు మొదలుకావలసింది ఆ ఇంటర్ బల్ల దగ్గరే అని నా అభిప్రాయం. ప్రమాణ ద్రావణాన్ని సహాయకుడు ముందే కలిపి, గాఢతను పలక మీద రాసి ఇవ్వడం మానేయవచ్చు. బల్ల మీద నిర్జల సోడియం కార్బొనేట్, పది నీటి అణువులున్న సోడియం కార్బొనేట్ సీసాలు రెండూ పెట్టి, 286కు బదులు 106 ఎందుకు వాడారో రికార్డులో ఒక వాక్యం రాయించవచ్చు. హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వాళ్లచేతే పలుచన చేయించి, ఆ నిర్జల కార్బొనేట్‌తో టైట్రేషన్ చేయించి, చీటీ మీద రెండు అంకెలు రాయించవచ్చు: అనుకున్నది 0.1, తేలింది 0.094. మార్కులు వేసేవారు రెండో అంకె మొదటిదానికి ఎంత దగ్గరగా వచ్చిందని కొలవడం మానేసి, రెండో అంకెను రాసి, పక్కన తేదీ, వాడిన ప్రమాణం పేరు పెట్టారా అని చూస్తే చాలు.